కదలుబొమ్మల హాస్యము - నావికుఁడు పొపాయి

హాస్యమునకు వికృతమైన యాకారము, వాక్కు, వేషము, చేష్ట కారణములని మన యాలంకారికులు చెప్పిరి. ఈ నాలుగును నొక్కచోటఁ గూడిన పాత్ర అమెరికాదేశపు నావికుఁడు పొపాయి. 1929 జనవరి 17వ తేదీని సీగర్ అను చిత్రకారుని పత్రికాచిత్రకథలో నీతఁడు పుట్టెను. 1933లో ఫ్లైషరు సోదరులు వీనిని వెండితెర కెక్కించిరి. మూసిన కన్ను, ఉబ్బిన ముంజేతులు, వానిపై లంగరు పచ్చబొట్టు, నోటఁ బొగాకుగొట్టము - ఇది రూపము. పాలకూర మ్రింగి బలము దెచ్చుకొనుట యెల్ల రెఱిఁగినదే, దానిఁ జర్చింపము.

1941 నవంబరులో వెలువడిన 'ది మైటీ నేవీ' యను చిత్రమున నీ స్వతంత్రనావికుఁడు తొలిసారిగాఁ దెల్లని దుస్తులు దొడిగి ప్రభుత్వ నౌకాదళమునఁ జేరును. పుట్టుకతోనే సముద్ర మెఱిఁగినవానికిఁ గవాతు నేర్పుదురు. నియమ మెఱుఁగఁడని వంటశాలకుఁ బంపుదురు. పనివానికిఁ బని నేర్పఁబూను నధికారమే యిచట నిజమైన హాస్యాలంబనము. కొలువున నున్న యే చిన్నయుద్యోగికైన నీ నవ్వు తనదిగాఁ దోఁచును.

పొపాయి గొణుగుడు ప్రత్యేకముగాఁ బరిశీలింపఁదగినది. ఫ్లైషరులు బొమ్మలు గీచిన పిదప స్వరమును జేర్చెడివారు. కావునఁ బెదవి కదలకయే మాట వినవచ్చును. 1935 మొదలు స్వరమిచ్చిన జాక్ మెర్సరు ఈ లోపమునే గుణముగా మార్చెను. ఇది మన స్వగతమువంటిదే. సభ్యులు విందురు, తోడిపాత్రలు వినవు. తోలుబొమ్మలాటలోఁ గేతిగాఁడు రాజులయెదుటనే బిగ్గఱగాఁ బలుకుదానిని వీఁడు లోలోన గొణుగును. ఎదురు పలుకరాని కవాతువరుసలో మిగిలిన స్వాతంత్ర్య మంతయే.

ఉత్తరార్ధము మాకు రుచింపలేదు. శత్రువులు వత్తురు, పొపాయి యొక్కఁడే వారి నౌకల నెల్ల నాశనము చేయును, అతని ముఖమే బాంబు విమానదళమునకుఁ జిహ్నమగును. ఏ యధికారమును జూచి నవ్వితిమో దాని బహుమానముతోనే కథ ముగియుటచే హాస్యము వీరమునకు నంగమైపోయెను. అయినను నందొక చమత్కారము గలదు. శత్రువు పేరు చూపరులే పెట్టుకొనవలెనని శత్రునౌకపై వ్రాసియుండును. అప్పటి కమెరికా యింకను యుద్ధమున దిగలేదు. ఆ ఖాళీలో యుద్ధోత్సాహముమీఁదనే యొక చిన్న యెత్తిపొడుపు గలదు.

డిసెంబరులో నా ఖాళీ నిండెను. 1942 ఆగష్టునాఁటి చిత్రమునఁ బొపాయి యెదుర్కొనునది జపానువారిని. వారి పండ్లను, కన్నులను, పలుకుబడిని వికృతపఱచి నవ్వించిరి. యుద్ధకాలమున నిది సహజమని కొందఱు సమర్థింతురు. కాని వికృతాకారము పొపాయికిఁ గూడఁ గలదు గదా! ఆతని వికృతి యొక్క వ్యక్తిది, ప్రేమింపఁదగినది. ఇది జాతికంతకు నంటగట్టినది. మొదటిదానిలో నవ్వువాఁ డా నావికునితోఁ గలియును. రెండవదానిలో నెవ్వనితోను గలియఁడు.

సీగరు 1938లోనే మరణించెను. ఈ మార్పు నాతఁడు చూడలేదు. యుద్ధము 1945లో ముగిసినను, 1957 వఱకు వచ్చిన చిత్రములలోఁ బొపాయి ప్రాయికముగా నా తెల్లని దుస్తులతోడనే కానవచ్చెను.