దారమంత ధమని

వినికిడిని, శరీరపు సమతూకమును మెదడునకు చేరవేయు ఎనిమిదవ నాడిపై మొలచు కంతి క్యాన్సరువలె అన్యాంగములకు ప్రాకునది కాదు. ఏండ్ల తరబడి మెల్లమెల్లగా పెరుగుచు, మొదట ఒక చెవిలో హోరును, పిదప చెవుడును, తుదకు మెదడు కాండముపై ఒత్తిడిని కలిగించును. అట్టి సాధువైన కంతిని తీయబోయి రోగినే పోగొట్టుకొనుట మిక్కిలి శోచనీయము గదా! ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఐరోపాలోని మేటి శస్త్రవైద్యుల చేతులలో సైతము సగముకంటె ఎక్కువమంది ఇట్లే మరణించుచుండిరి.

కంతిని వ్రేలితో పెళ్లగించి త్వరత్వరగా లాగివేయుటే ఆనాటి పద్ధతి. అమెరికాలో హార్వీ కుషింగ్ దానిని విసర్జించి, 1911లో తాను ప్రకటించిన వెండి క్లిప్పులతో రక్తస్రావము నరికట్టుచు, కంతి పైపొరను కదల్పక లోపలి గుజ్జును మాత్రము గోకి తీయు విధమును 1917 నాటి తన గ్రంథమున విశదీకరించెను. వాల్టర్ డాండీ ఆ పైపొరను గూడ తీయ సాహసించెను. అయినను, చికిత్స చక్కగా ముగిసి, నెత్తురు నిలిచి, ఇక భయము లేదనుకొన్న పిదప కొందరు రోగులు స్పృహ కోల్పోయి ఏల మరణించుచుండిరో తెలియరాలేదు. చిన్నమెదడు ముందరి అడుగు భాగమునకు పోవు ధమని మూసికొనిపోవుటే ఆ మరణములకు హేతువని 1949లో అట్కిన్సన్ అను వైద్యుడు చూపెను.

ఆపరేషను గదులలో ‘ఐకా’ యని పిలుచు ఈ ధమని దారమంత సన్ననిది. తరచు అది మెలిక తిరిగి లోపలి చెవికాలువ ముఖద్వారము దాక వచ్చి, వినికిడి నాడిని ముఖనాడిని ఒరసికొని, మరల వెనుకకు మరలును. దాని చిన్న శాఖయే లోపలి చెవికి రక్తాధారము. కావుననే నాడి చెక్కుచెదరక నిలిచినను ఆ శాఖ తెగినచో వినికిడి నశించును.

మైక్రోస్కోపు క్రింద చూచినప్పుడే ఈ విద్యలోని సౌందర్యము బోధపడును. కంతిని లోపలినుండి డొల్లచేసి, కుంగిన పైపొరకును ధమనికిని నడుమ సాలెగూటివంటి పలుచని పొరను కనుగొని, కంతినుండి ధమనిని గాక, ధమనినుండి కంతిని ఒలిచెదరు. నెత్తురు కారినను, మూలము కనబడనిచోట కాల్చరు. దూది తునక నుంచి, నీరు చిలికి, ఓపికతో వేచియుందురు. తాకిడికి బిగుసుకొని తెల్లబడిన ధమనిపై, రక్తనాళములను సడలించు పపావెరిన్‌లో తడిపిన దూది నుంచగా, కొంతసేపటికి అది మరల విప్పారి, ఎఱ్ఱబారి, కొట్టుకొనసాగును.

సిరల సంగతి వేరు. కంతిని చేరుటకై చెవి వెనుక ఎముకను తొలుచునపుడు, అచట వంపు తిరిగిన పెద్ద సిరపై గ్రుడ్డుపెంకువంటి ఎముకపొరను నిలిపియుంచుదురు; ఆ పొరను, లాస్ ఏంజిలిస్ వైద్యుడు విలియం (బిల్) హౌస్ పేర ‘బిల్ దీవి’ యందురు. సిరకు చిల్లుపడినచో నెత్తురు ఉబుకుటయే గాక, తల ఎత్తున నున్నప్పుడు గాలి లోనికి పీల్చబడి గుండెను చేరవచ్చును. అందుచే మత్తువైద్యుని వెంటనే హెచ్చరించి, ఆ తావును నీటితో ముంచి, చిల్లును వెలుపలినుండియే మెత్తగా ఒత్తవలెను. లోనికి కుక్కినచో సిరయే మూతవడును.

ఒక్కొక్కప్పుడు కంతి ఐకాను ఎంతకును విడువదు. అప్పుడు ఒక తునకను ధమనిపైననే వదలి రాగల చేయియే నా దృష్టిలో గొప్ప చేయి. ఆ తునకను ఎమ్మారై స్కానులలో గమనించుచు, పెరుగ మొదలిడినచో కిరణచికిత్స చేయుదురు. పెక్కుమందిలో అది ఏండ్ల తరబడి పెరుగక యుండును.