మార్పు నిర్వహణ నమూనాలు: విమర్శనాత్మక పరిశీలన

ఈ యూనిట్‌లో మీరు కర్ట్ లెవిన్ మూడు దశల నమూనాను, జాన్ కాటర్ 1996లో వివరించిన ఎనిమిది మెట్లను చదివారు. ఉద్యోగులను మార్పుకు సిద్ధం చేయాలి, మార్పు తేవాలి, దాన్ని స్థిరపరచాలి అన్నదే రెండింటి సారాంశం. అయితే ఇవి తగినంతగా పట్టించుకోని ప్రశ్న ఒకటుంది: కొత్త పని అలవాటయ్యే వరకు జరిగే నష్టాన్ని ఎవరు భరించాలి? శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు ఊళ్లను ఆధారం చేసుకుని దీన్ని పరిశీలిద్దాం.

పెనుకొండ: ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైంది. ఇటువంటి భారీ పరిశ్రమల్లో నెలజీతం ఉన్న ఉద్యోగికి కొత్త పద్ధతి నేర్చుకునే రోజులకూ జీతం అందుతుంది. నష్టం సంస్థది. అందువల్ల పై నమూనాలు ఇక్కడ చాలావరకు సరిపోతాయి.

ధర్మవరం: ఇక్కడి పట్టుచీరల నేతలో చాలామంది మాస్టర్ వీవర్ల వద్ద చీరకు ఇంత అని కూలికి నేస్తారు. కొత్త డిజైన్ కోసం జాకార్డ్ అట్టలు మార్చి, మగ్గాన్ని సరిచేసుకునే రోజుల్లో నేత సాగదు. నేత సాగకపోతే కూలి లేదు. మొదటి చీరలకు ఎక్కువ రోజులు పడతాయి. అప్పుడు నేతకారుడు వెనకాడితే దాన్ని 'మార్పు పట్ల వ్యతిరేకత' అనడం సరికాదు. అది ఇంటిఖర్చు లెక్క.

హిందూపురం: పట్టుగూళ్ల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతుకు మేనేజరే లేడు. బైవోల్టిన్ పురుగుల పెంపకానికి మారితే మంచి ధర రావచ్చు. పంట దెబ్బతింటే నష్టం మాత్రం ఆయనదే. సంస్థలోపలి అధికారాన్ని ఆధారం చేసుకున్న నమూనా ఇక్కడ దాదాపు మౌనం వహిస్తుంది.

ఇప్పుడు మీరు చదివిన హార్వుడ్ ప్రయోగాన్ని మళ్లీ చూడండి. అమెరికాలోని ఆ పైజామాల కర్మాగారంలోనూ పీసు రేటు కూలే. 1948లో కోచ్, ఫ్రెంచ్ ప్రకటించిన ఫలితాల ప్రకారం, మార్పు గురించి కేవలం చెప్పి వదిలేసిన బృందంలో 17 శాతం మంది మొదటి 40 రోజుల్లోనే మానేశారు. నిర్ణయంలో నేరుగా పాల్గొన్న బృందాల్లో ఎవరూ మానలేదు. 'కార్మికులతో చర్చిస్తే చాలు' అని దీన్నుంచి తేల్చడం పరిపాటి. కాని పని మారిన వారికి ఆదాయం తగ్గకుండా అక్కడ ప్రత్యేక భత్యం ఉండేదన్న సంగతి మరుగున పడుతుంది. భత్యం ఉన్నా మొదటి బృందం వ్యతిరేకించింది. కాబట్టి డబ్బొక్కటే చాలదు. అయితే భత్యమే లేని చోట చర్చ ఒక్కటే ఫలిస్తుందని ఈ ప్రయోగం నిరూపించలేదు.

దీన్నిబట్టి మంచి మేనేజర్‌ను ఎలా గుర్తించాలి? అతడు మార్పు ప్రకటించే ముందే నేర్చుకునే కాలానికి కూలి లెక్క కడతాడు. ఆ లెక్కను పనివారి ముందు పెట్టి, వారి మాట విని సవరిస్తాడు. ఆ తర్వాతే నచ్చజెప్పే పని మొదలుపెడతాడు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీరు పనిచేసే చోటగాని, మీకు తెలిసిన చోటగాని ఇటీవల వచ్చిన ఒక మార్పును తీసుకోండి. దాని నష్టాన్ని ఎవరు భరించారు? లెవిన్ నమూనా ఆ విషయాన్ని ఎంతవరకు వివరించగలదు? 10 పంక్తుల్లో రాయండి.