రంగు కింది పనితనం

1968లో అమెరికాలో విడుదలైన 'బులిట్' సినిమా కథ ఇప్పుడు చాలామందికి గుర్తుండదు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో హీరో స్టీవ్ మెక్వీన్ నడిపిన ముదురాకుపచ్చ ఫోర్డ్ మస్టాంగ్ కారును మాత్రం ఎవరూ మరిచిపోలేదు. అందులో పది నిమిషాలకు పైగా సాగే ఛేజింగ్‌ను కార్లను నెమ్మదిగా నడిపి, తెరమీద వేగం పెంచి చూపించే పద్ధతిలో తీయడానికి దర్శకుడు పీటర్ యేట్స్ ఇష్టపడలేదు. ప్రేక్షకుడికి ఎంత వేగం కనిపిస్తుందో కారు అంత వేగంతోనే పోవాలన్నాడు. కొన్నిచోట్ల అది గంటకు 175 కిలోమీటర్లు దాటింది. అసలు కష్టం అక్కడ మొదలైంది.

షోరూమ్ నుంచి వచ్చిన మస్టాంగ్ జీటీ బలమైనదే. 390 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, కంపెనీ లెక్కలో 325 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. కానీ దానికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ముందు చక్రాల పైనుండే స్ప్రింగులు ఇంజిన్‌కు అటూ ఇటూ ఉన్న రేకు టవర్లలోకి ఆనుకుని ఉంటాయి. కారు వీధి మెరక దాటుతూ గాల్లోకి లేచి కింద పడ్డప్పుడు ముందుభాగం బరువంతా ఒక్క దెబ్బలో ఆ టవర్ల మీదే పడుతుంది. ఒకటి రెండుసార్లయితే ఓర్చుకుంటాయి. సినిమాకు టేకు మీద టేకు కావాలి.

ఈ పని మ్యాక్స్ బల్చౌస్కీ చేతికి వచ్చింది. పాత విడిభాగాలు ఏరి తెచ్చి రేసు కార్లు కట్టి, వాటితో ఖరీదైన విదేశీ కార్లకు దీటుగా పోటీపడ్డ హాలీవుడ్ మెకానిక్ ఆయన. ముందుగా టవర్లను బలపరిచాడు. గట్టి స్ప్రింగులు, కోనీ షాక్ అబ్జార్బర్లు బిగించాడు. ఆ తర్వాతే ఇంజిన్ జోలికి వెళ్లాడు. ఈ వరుసలోనే నాకు ఆయన పెద్దరికం కనిపిస్తుంది. కారును ఇంకా వేగంగా పరిగెత్తించడం కన్నా, పడ్డాక నిలబెట్టడం ముఖ్యమని ఆయనకు తెలుసు.

రెండో పని కెమెరాది. మెక్వీన్ నడిపే కారుకు తలుపుల కింద ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేశారు. కెమెరా స్టాండును వాటికి బిగిస్తే, కారు ఎటు ఊగితే ప్రేక్షకుడూ అటే ఊగుతాడు. పైకి చేసిన మార్పుల్లో ఎక్కువ తీసివేతలే. గ్రిల్ మీది గుర్రం బొమ్మ, ఫాగ్ లైట్లు, పేరు అక్షరాలు అన్నీ పోయాయి. ఫోర్డ్ కంపెనీ కారు అనడానికి ఆధారం బాడీ వంపు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

నడిపినవాళ్ల నేర్పు గురించీ ఒక మాట చెప్పాలి. ప్రమాదకరమైన చోట్ల స్టీరింగ్ పట్టింది మెక్వీన్ కాదు, బడ్ ఈకిన్స్ వంటి స్టంట్ డ్రైవర్లు. సినిమా చూసేటప్పుడు లోపలి అద్దాన్ని గమనించండి. అద్దంలో మెక్వీన్ ముఖం కనిపిస్తే నడిపేది ఆయనే. అద్దం పైకి తిప్పి ఉంటే సీట్లో ఉన్నది మరొకరు. ఛేజింగ్ ఊపందుకోగానే లాలో షిఫ్రిన్ సంగీతం ఆగిపోతుంది. ఆపైన వినిపించేవన్నీ ఇంజిన్లు, టైర్లే. ఈ సినిమాకు ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్ ఆస్కార్ అందుకున్నాడు.

షూటింగుకు వాడిన మస్టాంగులు రెండు. వాటి ఛాసిస్ నంబర్లు పక్కపక్కవే. గెంతులు వేసి నుజ్జయిన కారు తుక్కులో కలిసిపోయిందనే అందరూ అనుకున్నారు. 2017లో అది మెక్సికోలో దొరికింది. రెండో కారును 1974లో ఒక కుటుంబం 6,000 డాలర్లకు కొనుక్కుని, ఇంటి కారులాగే రోజూ తిప్పింది. తిరిగి ఇమ్మని 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసినా ఇవ్వలేదు. 1980లో క్లచ్ పోయి షెడ్డుకెక్కిన ఆ కారు మళ్లీ 2018లో డెట్రాయిట్ ప్రదర్శనలోనే లోకానికి కనిపించింది. ఆ ఇంటి కొడుకు దాని యంత్రాన్ని బాగుచేశాడు గానీ బాడీకి కొత్త రంగు పూయలేదు, సొట్టలు తీయలేదు, కెమెరా కోసం వెల్డింగ్ చేసిన ఆ గొట్టాలనూ కోసెయ్యలేదు. మంచి పని చేశాడు. మెరుగుపెట్టి ఉంటే సినిమా చేసిన పని గుర్తులు చెరిగిపోయేవి.

2020 జనవరిలో ఫ్లోరిడా వేలంలో అది 34 లక్షల డాలర్లు పలికింది. అప్పటిదాకా ఏ మస్టాంగూ వేలంలో అంత ధరకు పోలేదు.