వాయించే చేయి, వినని చెవి

పక్కవాద్యపు సాఫ్ట్‌వేర్లలో డ్రమ్ములు పలికించే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది మిడి ఫైలు. అందులో ధ్వని ఉండదు. ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత బలంగా అన్న సూచనలే ఉంటాయి. ఆ బలానికి 0 నుంచి 127 వరకే మెట్లు. రెండో దారిలో స్టూడియోలో డ్రమ్మరు వాయించిన వరసలనే దాచి, పాట నిడివికి తగ్గట్టు అతుకుతారు. కెనడాలోని పీజీ మ్యూజిక్ తన 'బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్' 2007 వెర్షన్‌లో 'రియల్‌డ్రమ్స్' పేరుతో తెచ్చింది దీన్నే. ఇందులో ఒక్కో దెబ్బను విడిగా దిద్దడం కష్టం. కానీ మనిషి చేతిలో ఉండే ఆ కాస్త తొందర, కాస్త నిదానం అలాగే వినిపిస్తాయి.

పార్సిప్పనీ లాంటి న్యూజెర్సీ ఊళ్లలో కర్ణాటక సంగీతం నేర్చుకునే తెలుగువాళ్లకు మృదంగంతో చేసిన ఇలాంటి రికార్డింగుల అవసరం ఎక్కువే. రోజూ ఇంటికొచ్చి మృదంగం వాయించేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఒకప్పుడు బెంగళూరు రాడెల్ వారి తాళయంత్రం 'తాళోమీటర్' చేసిన పనిని ఇప్పుడు ఫోన్ చేస్తోంది.

చిక్కంతా శ్రుతితోనూ లయతోనూ వస్తుంది. పాశ్చాత్య డ్రమ్ సెట్టును పాట శ్రుతికి కలపాలన్న నియమం లేదు. మృదంగం కుడి మూతను మాత్రం పాడేవారి శ్రుతికి కలిపి తీరాలి. ఒకటి శ్రుతిలో రికార్డు చేసినదాన్ని ఐదున్నరకు లాగితే నాదం పీలగా మారుతుంది. వేగంగా వాయించినదాన్ని బాగా సాగదీస్తే చాపు దెబ్బ మొదట్లో ఉండే పదును పోయి, వెనకాల మోత మిగులుతుంది. అందుకే మంచి సంకలనంలో ఒకే వరసను వేర్వేరు శ్రుతుల్లో, కాలాల్లో విడివిడిగా వాయించి దాచుతారు. సాధకులు తమ శ్రుతికీ వేగానికీ దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటే సాగదీత తగ్గుతుంది.

ఎంత మంచి రికార్డింగైనా పాడేవారిని వినదు. వర్ణాన్ని రెండు కాలాల్లో పాడుకునేటప్పుడు ఆ లోటు అంతగా తెలియదు. కల్పనస్వరాల్లో బయటపడుతుంది. గాయని ముగింపుకు వస్తోందని పసిగట్టి మృదంగ విద్వాంసుడు తీర్మానం, అంటే ముగింపు వరస, సిద్ధం చేసుకుంటాడు. యంత్రం తీర్మానం ముందే రాసిపెట్టిన ఆవర్తానికి వచ్చేస్తుంది, పాట ఎక్కడున్నా సరే. అందువల్ల సాధనకు తీర్మానాలు లేని సర్వలఘు నడకే మేలు. అదీ చేత్తో తాళం వేస్తూనే పాడాలి. మధ్యలో ఒకటి రెండు ఆవర్తాలు మృదంగాన్ని మ్యూట్ చేసి మళ్లీ తెరిస్తే, సమం ఎక్కడ పడిందో అప్పుడే తేలిపోతుంది.