కిన్నెర ముందు మైకు

పాలమూరు జాతరల్లో మైకుసెట్టు ఆయన్ని ఎవరూ మెచ్చుకోరు. మైకు కుయ్‌మంటే మాత్రం ఊరంతా తిడుతుంది. నేను మెచ్చుకుంటాను.

పన్నెండు మెట్ల కిన్నెరది చిన్న గొంతు. వెదురు దండె, దాని కింద సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. పాడే మనిషేమో గొంతెత్తి పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెబుతుంటాడు. ఉన్న ఒక్క మైకూ నోటి దగ్గరే పెడితే కిన్నెర మాయం. పని తెలిసినాయన మైకును జానెడు కిందికి దించి, బుర్ర వైపు కొంచెం వంచి, ఎకో తీసేస్తాడు. అప్పుడు మెట్టు మీద వేలు జారిన చప్పుడు కూడా వెనక వరుసదాకా వస్తుంది.

కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకెక్కింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. సినిమా పాటలో అంతా శుభ్రమే. నాకు మాత్రం ఫోనులో దాచుకున్న జాతర రికార్డింగే ఇష్టం. ఎవరో దగ్గుతారు, పిల్ల ఏడుస్తుంది. 1961 జూన్ 25న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో బిల్ ఎవాన్స్ వాయించిన జాజ్ రికార్డుల్లోనూ గ్లాసుల గలగల ఉంటుంది. అయినా పియానో మునగదు. పనితనమంటే అదే మరి!

నా రికార్డింగులో జనరేటరు రొద సాయన్న చావు ఘట్టాన్ని మింగేసింది. అక్కడికి రాగానే ఫోను చెవికి ఆనించుకుంటాను. రొద అడుగున రెండే రెండు మీటులు.