బుడుగూ, మాట్లాడని పిల్లలూ

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ను హాస్యరచనగా మెచ్చుకున్నవాళ్లు చాలామంది. పిల్లల పెంపకాన్ని గురించిన రచనగా చదివినవాళ్లు తక్కువ. నేనిక్కడ అలా చదవదలచుకున్నాను.

1956లో ‘బుడుగు’ ఆంధ్రపత్రిక వారపత్రికలో మొదలైంది. అదే ఏడు న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు పసిపిల్లల స్వభావాల మీద దీర్ఘకాల పరిశీలన ప్రారంభించారు. కొందరు పిల్లలు సులువుగా ఇమిడిపోతారు. కొందరు ప్రతిదానికీ ఎదురు తిరుగుతారు. కొందరు కొత్తకు జంకి, నెమ్మదిగా అలవాటు పడతారు. ఏ స్వభావమైనా పెంపకం దానికి పొసిగితే పిల్ల బాగుపడుతుందని వాళ్లు తేల్చారు.

బుడుగు ఎదురు తిరిగే కోవకు చెందినవాడు. అతనికి పొసగే మనుషులు ఆ ఇంట్లో ఉన్నారు. అమ్మానాన్నలు కోప్పడితే బామ్మ వెనకేసుకొస్తుంది. బాబాయి తన రహస్యాల్లో కలుపుకుంటాడు. కనుకనే అతని గడుసుతనం వాడిపోకుండా మనల్ని నవ్విస్తుంది.

పిల్లల్ని కొట్టి, భయపెట్టి లొంగదీయడాన్ని చలం ‘బిడ్డల శిక్షణ’లో నిరసించాడు. ఆ మాట నేటికీ నిజమే. అయితే మన అభ్యుదయవాదులు చాలామంది ఆ పుస్తకాన్ని స్వేచ్ఛ అనే ఒక్క మాటకు కుదించుకున్నారు. బుడుగులాంటివాడికి స్వేచ్ఛ ఊపిరి. జంకే పిల్లను ‘నీ ఇష్టం’ అని వదిలేస్తే మాత్రం అది నిర్లక్ష్యమే అవుతుంది. ఆ పిల్లకు పక్కన నిలబడే మనిషి కావాలి.

ఆ మనిషికి తీరిక ఎక్కడిది? వర్గ ప్రశ్న ఇక్కడే వస్తుంది. ముళ్ళపూడి పుట్టిన ధవళేశ్వరం దగ్గర 1852లో గోదావరి ఆనకట్ట పూర్తయింది. ఆ నీటితో పండే చేలల్లోకి ఊడుపులకు వెళ్లే తల్లి చంటిబిడ్డను పెద్దపిల్లకు అప్పగిస్తుంది. ఆ పెద్దపిల్ల స్వభావమేమిటో గమనించే వ్యవధి తల్లికి కూలిపని మిగల్చదు. పిల్ల గడుసుదైతే లోకం పొగరంటుంది, నెమ్మదస్తురాలైతే మొద్దంటుంది. బుడుగు చేస్తే అల్లరి అనిపించుకున్నది ఈ పిల్ల చేస్తే నేరమవుతుంది.

ముళ్ళపూడి ఒక మధ్యతరగతి ఇంటిని రాశాడు. అందులో తప్పేమీ లేదు. తెలుగు బాల్యమంతా అదేననుకోవడం మన పొరపాటు. గడుసు పిల్లలు రచయితకు సంభాషణలు అందిస్తారు గనుక సులువుగా కథల్లోకి వస్తారు. మాట్లాడని పిల్లలు రారు. కోనసీమలో నేను పాఠం చెప్పిన ఒక పల్లెబడిలో, మూడోసారి అడిగితేగాని జవాబు చెప్పని పిల్ల ఉండేది. చెప్పిన జవాబు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. మొదటిసారికే నోరు విప్పలేదని తీసి పక్కన పెడితే ఆ పిల్ల తెలివి ఎవరికీ తెలిసేది కాదు.

అలాంటి పిల్లలను బళ్లో ఉపాధ్యాయుడూ, కథలో రచయితా ఒకే తీరుగా పోగొట్టుకుంటున్నారు. కొత్తగా రాస్తున్నవాళ్లు ముందుగా వాళ్ల వైపు చూడాలని నా మనవి.