జారుడుబండకు జోత

నీళ్ళు లేని వాగువి నువ్వు. టేగెల్‌బెర్గ్ కొండ పాదాన, పచ్చిక మీద, 760 మీటర్ల పొడవున మెలికలు తిరుగుతూ పడుకున్న స్టీలు వాగువి. ఆగస్టు ఎండ నీలో తళతళ పారుతోంది. ఆ ఎండతో పాటు మనుషులు కొట్టుకొస్తున్నారు. తండ్రి ఒళ్ళో ఒదిగిన పిల్ల, జుట్టంతా రేగిన ముసలాయన, కళ్ళు గట్టిగా మూసుకున్న పడుచు. ఒక్కరి ముఖంలోనూ నిన్నటి దిగులు కనబడదు.

జర్మన్లు నిన్ను జొమ్మర్‌రోడెల్‌బాన్ అంటారు. వేసవి, స్లెడ్జి, దారి అనే మూడు మాటల్ని గొలుసు కట్టిన పేరు. మా అమ్మ ఆ పేరు అడగలేదు. బస్సు దిగి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కాసేపు నిన్నే చూసింది. "గిది జారుడుబండనే గద బిడ్డా" అంది. అప్పటి నుంచి నాకు నీ పేరు అదే.

తెల్లారకముందే లేచి వచ్చాం నీ కోసం. శనివారం గనక బయర్న్ టికెట్టుకు తొమ్మిది గంటల దాకా ఆగే పని లేదు. ఒక్క టికెట్టు మీద ఐదుగురు పోవచ్చు, మేం సరిగ్గా ఐదుగురం. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కు రెండు గంటల రైలు. స్టీలు డబ్బాలో పులిహోర. ఫ్యూసెన్‌లో ఎక్కిన బస్సు కోట దగ్గర ఖాళీ అయింది. రెండో లుడ్విగ్ రాజు 1869లో పునాది వేయించిన నోయిష్వాన్‌స్టైన్ అది, లోకమంతా దాన్ని చూడటానికే వస్తుంది. మేం దిగలేదు. మా పిల్లలకు రాజు అక్కర్లేదు, నువ్వు కావాలి.

నీకు ఇంజను లేదు. పైకి చేర్చడానికే కేబులు. దిగడానికి కొండవాలు చాలు. బండి మధ్యలో ఒక్క పిడి. ముందుకు తోస్తే బ్రేకు వదులుతుంది, వెనక్కి లాగితే పట్టుకుంటుంది. అంతే నీ శాస్త్రం. మలుపు రాగానే బండి తనంతట తానే నీ గోడ మీదికి పాకుతుంది. ఎంత వేగం ఉంటే అంత ఎత్తుకు. ఒళ్ళు ఒక పక్కకు ఒరుగుతుంది, గుండె రెండో పక్కన ఉండిపోతుంది. మళ్ళీ తిన్నటి దారి రాగానే రెండూ కలుసుకుంటాయి. చక్రాల కింద నీ స్టీలు పాడే పాట పాదాల్లోంచి పళ్ళ దాకా ఎక్కుతుంది.

నీ పేరులోని స్లెడ్జి ఆటగా పుట్టింది కాదు. ఈ ఆల్ప్స్ రైతులు వేసవిలో కోసిన గడ్డిని పై బీళ్ళలోనే కొట్టాల్లో దాచేవారు. మంచు పడ్డాక స్లెడ్జిల మీద కట్టి, కాళ్ళు ముందు తన్నిపెట్టి, ఆ బరువు తమ మీదికి దొర్లకుండా ఆపుకుంటూ లోయలోకి దింపేవారు. ప్రాణాలతో పని. నీ వాలులో ఆ కాళ్ళ బిగువు ఎక్కడో ఉందనిపిస్తుంది నాకు. అందుకే నీ మీద కూర్చునే ముందు నీ అంచును ఒకసారి ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను, కొత్త పుస్తకాన్ని అద్దుకున్నట్టు.

మా అమ్మది భువనగిరి పక్క పల్లె. ఊరి వెనక ఓ పెద్ద బండ. దక్కన్ రాయి, 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఇక్కడి సున్నపురాయి సముద్రం అడుగున పేరుకోవడానికి ఎన్నో కోట్ల ఏళ్ళ ముందే అది చల్లారి గట్టిపడింది. ఎన్ని తరాల పిల్లలు జారారో, దాని వీపు మీద ఒక చార నున్నగా మెరిసేదట. తాటిమట్ట మీద కూర్చుని జారడం, మట్ట భుజాన వేసుకుని మళ్ళీ ఎక్కడం. లంగా చిరిగితే ఇంట్లో దెబ్బలు. మర్నాడు మళ్ళీ బండ మీదికే. పదమూడేళ్ళకు పెళ్ళి చేశారు. తాటిమట్ట బండ కిందే ఉండిపోయింది.

తర్వాత అంతా ఎక్కడమే. నాట్లు, కలుపులు, మా ఫీజులు, నాన్న మందులు. చివరికి విమానం కూడా ఎక్కింది, తొంభై రోజుల వీసా మీద.

"నేను గూడ కూసుంట" అంది.

స్వెట్టరు మీదుగా కొంగు తెచ్చి నడుముకు గట్టిగా చెక్కింది. కుచ్చిళ్ళు మోకాళ్ళ కింద అదిమింది. తొమ్మిదేళ్ళ నా కూతురు ఆమె ముందు కూర్చుని, వెనక్కి తిరిగి పాఠం చెప్పింది: "నానమ్మా, ముంగటికి నూకితే ఉరుకుతది. ఎనకకు గుంజితే ఆగుతది. భయమైతే గుంజు." మ్యూనిక్‌లో పుట్టిన పిల్ల నోట ఆ మాటలు విని నా గొంతు పట్టేసింది.

మొదటిసారి అమ్మ పిడి గుంజుకునే దిగింది. చిన్నవాణ్ణి మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ముందు బండికి ఎడం వదిలి నేను వెనక వస్తున్నాను. ఆమె వీపు బిగుసుకుని ఉంది. ప్రతి మలుపు దగ్గరా బ్రేకు కీచుమంది. కింద దిగి ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ వరసలో నిలబడింది.

రెండోసారి, మూడో మలుపు దాటాక, ఆమె మోచేయి ముందుకు చాచుకోవడం చూశాను.

ఓ జారుడుబండా, ఆ క్షణానికే నీకు నా జోత. ఆమె బండి నీ గోడ ఎక్కింది, దిగింది, అవతలి గోడ ఎక్కింది. నెరిసిన జడ తోకలా లేచింది. ఒక కేక వినబడింది. అది నా కూతురిది అనుకున్నాను. కాదు. అరవై రెండేళ్ళ మా అమ్మ నోట అలాంటి కేక నేనెప్పుడూ వినలేదు. బండ మీద వదిలేసి వచ్చిన పిల్ల, లంగా చిరిగినా లెక్కచేయని పిల్ల, ఆల్ప్స్ గాలిలో నా ముందే జారిపోతోంది. ఆ పిల్లను నేను చూడటం అదే మొదటిసారి.

మూడు దాటాక కొండ మీంచి మబ్బు దిగింది. పారాగ్లైడర్లు రంగురంగుల రెక్కలు ముడుచుకుని పచ్చికలో వాలారు. తడి స్టీలు మీద బ్రేకు పట్టదు గనక మొదటి చినుకులకే బండ్లు ఆపేశారు. టికెట్లు రెండు మిగిలాయి. అమ్మ వాటిని తీసుకుని కొంగుకు ముడేసుకుంది.

చూరు కింద నిలబడి మిగిలిన పులిహోర తిన్నాం. పక్క పొలంలో ఆవుల మెడగంటలు వానతో కలిసి మోగుతున్నాయి. మేం దిగిన దారినే, మేం ఒరిగిన మలుపుల్లోనే ఒరుగుతూ, నీలో ఇప్పుడు నీళ్ళు పారుతున్నాయి.

"సూడు బిడ్డా" అంది అమ్మ, "ఎవ్వరు గుంజుతలేరు బిరేకు."